పెళ్ళి కార్డు నుంచి పుస్తకం అట్ట దాకా: గ్లాసీ కోటింగ్ వేయించే ముందు చూసుకోవాల్సినవి

ఆమధ్య ఒక పెద్దాయన కూతురి పెళ్ళి కార్డులు పట్టుకుని మా షాపుకొచ్చాడు. నేను వేసినవి కావు, ఇంకెక్కడో వేయించుకున్నవి. కార్డు మాత్రం అదిరిపోయింది, ఎరుపు అంటే ఎరుపు, వెంకన్న బొమ్మ ధగధగా మెరుస్తోంది, వంచి చూస్తే ట్యూబులైటు అందులో కనిపిస్తోంది. ఆయన బాధ ఏంటంటే నాలుగు మూలలా పసుపు పెడితే నిలవట్లేదు. తడిగా ఉన్నంతసేపు బానే ఉంటుంది, ఆరగానే పెచ్చులా లేచి రాలిపోతోంది, రాలింది కాస్తా పక్క కార్డుకి మరకవుతోంది. పైన "శ్రీ / శ్రీమతి" అని చుక్కల గీత ఉంటుంది కదా, అక్కడ బాల్ పెన్ను పెడితే జారిపోతోంది, జెల్ పెన్నుతో రాస్తే బొటనవేలు తగలగానే పేరు చెరిగిపోతోంది. "ఎనిమిది వందల కార్డులు బాబూ, ఇప్పుడేం చేయమంటావు" అని కుర్చీలో కూలబడ్డాడు.

చేసేదేముంది, పేర్లకి పర్మనెంట్ మార్కర్ సన్న ములికిది కొనుక్కోమన్నా, పసుపు లోపలి షీటుకి పెట్టండి దానికి కోటింగ్ లేదు అని చెప్పా, ఆయన శాంతించాడు. కానీ నాకు అప్పట్నుంచీ ఒకటి రాయాలని ఉంది. గ్లాసీ అంటే మనోళ్ళకి మహా ఇష్టం, "మెరవాలండి" అంటారు, ప్రెస్సువాడు కూడా సరే అనేస్తాడు, ఆ కాగితం ప్రింటయ్యాక ఎవరి చేతుల్లోకి వెళ్తుంది, వాళ్ళు దాన్ని మడుస్తారా రాస్తారా తుడుస్తారా ఎండలో గోడకి కొడతారా అని ఇద్దరూ అడుక్కోరు. ఆ సంగతి తేలితే ఏ కోటింగ్ వేయించాలో దానంతటదే తేలిపోతుంది, నేను కింద చెప్పేదంతా ఆ ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది.

మెరుపు వల్ల వచ్చేది ఏంటి, రానిది ఏంటి

ఇంట్లో కడప బండ ఉంటే ఒక పని చేయండి, పొడిగా ఉన్నప్పుడు చూడండి, బూడిద రంగు కొట్టినట్టు ఉంటుంది, మీద నీళ్ళు చల్లండి, నల్లగా నిగనిగలాడుతుంది. బండ రంగేం మారలేదు. పొడి బండ పైన కంటికి కనపడని గరుకు ఉంటుంది, లైటు పడగానే ఆ గరుకు దాన్ని అన్ని దిక్కులకీ చెదరగొడుతుంది, ఆ చెదిరిన తెల్ల వెలుతురు అసలు రంగులో కలిసి పాలిపోయినట్టు చూపిస్తుంది. నీళ్ళు ఆ గరుకుని నింపేసి నున్న చేస్తాయి, అప్పుడు వెలుతురు ఒకే దిక్కుకి పోతుంది, మనకి రంగు మాత్రమే కనపడుతుంది. గ్లాస్ కోటింగ్ అంటే ఆరిపోని నీళ్ళు అనుకోండి, అంతే. అందుకే అదే ఫైలు, అదే ఇంకు, కోటింగ్ వేయగానే నలుపు ఇంకా నలుపై, మామిడిపండు ఇంకా పండినట్టు కనపడుతుంది. ఫోటోలున్న పని, పిండివంటల డబ్బా, దేవుడి క్యాలెండర్, చీరల కేటలాగు, వీటికి గ్లాసీని మించింది లేదు, మ్యాట్ (మెరవని రకం) ఎంత ఫ్యాషన్ అయినా సరే, నా మాట ఇదే.

ఇక రక్షణ సంగతి. ఆర్ట్ పేపరు (పైన ముందే నున్నటి పూత ఉన్న కాగితం) మీద ఆఫ్‌సెట్ ఇంకు పైపైనే కూర్చుంటుంది, లోపలికి పెద్దగా ఇంకదు, కట్టలు కట్టి లారీలో విజయవాడ నుంచి శ్రీకాకుళం పంపితే దారి పొడుగునా షీటు షీటుకి రాసుకుని ముదురు రంగులు పక్కదానికి అంటుకుంటాయి. కోటింగ్ ఉంటే ఆ రాపిడి కోటింగ్ తింటుంది, ఇంకు మిగులుతుంది. చేతి చెమట, జిడ్డు, టీ చుక్క, వీటిని తుడిచేయొచ్చు. ఫిల్మ్ లామినేషన్ అయితే కాగితానికి కాస్త బిగువు కూడా వస్తుంది.

రానిది కూడా చెప్పాలి. కోటింగ్ పైనుంచి వచ్చే నీళ్ళని ఆపుతుంది, పక్క అంచు నుంచి వచ్చేవాటిని ఆపదు. కటింగ్ అయిన అంచు దగ్గర కాగితం బయటికి తెరుచుకునే ఉంటుంది, టిఫిన్ సెంటర్ మెనూ కార్డు మూలలు ఉబ్బిపోయి పొరలు పొరలుగా విడిపోయేది ఇందుకే.

ఇంకొకటి, యూవీ కోటింగ్ వేయిస్తే ఎండకి రంగు పోదని చాలామంది నమ్ముతారు. పేరు చూసి మోసపోవడమే అది. యూవీ అనేది ఆ కోటింగ్‌ని ఆరబెట్టే లైటు పేరు, ఎండలోని యూవీని ఆపుతుందని కాదు. ఎండ తగిలే చోట మామూలు నాలుగు రంగుల ప్రింటులో ముందు పసుపు, మెజెంటా (గులాబీ లాంటి ఎరుపు) వెలిసిపోతాయి, సయాన్ (లేత నీలం), నలుపు మిగులుతాయి, బస్టాండులో పాత పోస్టర్లన్నీ నీలంగా దిగులుగా కనపడేది అందుకే. మామూలు గ్లాసీ వేసినా అదే గతి, కాస్త అటూ ఇటూ. ఎండలో నెలల తరబడి ఉండాల్సిందైతే ఇంకు దగ్గరే మాట్లాడుకోండి, కోటింగ్ మీద ఆశ పెట్టుకోకండి.

షాపులో దొరికే రకాలు

వార్నిష్: ఇంకు లాంటిదే, రంగు లేదంతే. ప్రింటింగ్ మెషీను మీదే ఇంకో రంగు కొట్టినట్టు కొడతారు. మెరుపు తక్కువ, ఖర్చు తక్కువ, రాపిడికి పర్లేదు, ఏళ్ళు గడిస్తే తెల్ల కాగితం మీద లేత పసుపు తేలుతుంది. బ్రోచర్లకి చాలు.

ఆక్వియస్: నీళ్ళలో కలిపిన పాలిమర్, వేడి గాలికి ఆరిపోతుంది. పసుపెక్కదు, వాసన ఉండదు, కాగితం మళ్ళీ గుజ్జు చేయడానికి అడ్డం రాదు. దీనికి మెషీనుకి చివర కోటర్ యూనిట్ ఉండాలి, పెద్ద ప్రెస్సుల్లో ఉంటుంది, మన వీధి చివర ప్రెస్సులో అడిగితే అయోమయంగా చూస్తారు.

యూవీ: తేనెలా చిక్కటి ద్రవం, షీటు మీద పూసి యూవీ ల్యాంపు కింద నుంచి పంపిస్తే క్షణంలో గట్టిపడిపోతుంది. ఆవిరయ్యేదేం ఉండదు, పూసిందంతా ప్లాస్టిక్ పొరలా మిగులుతుంది, అందుకే అంత మెరుపు. ఈ నాలుగింట్లో అద్దంలా కనపడేది ఇదే. దాంతోపాటు పెళుసు కూడా, మడిస్తే పగులుతుంది.

లామినేషన్: ద్రవం కాదు, ఫిల్మ్ అతికించడం. ఎక్కువగా బీఓపీపీ ఫిల్మ్, పాలీప్రొపైలిన్‌ని పొడుగూ వెడల్పూ రెండు దిక్కులా సాగదీసి చేస్తారు కాబట్టి 10, 12 మైక్రాన్లే ఉన్నా చేత్తో చింపడం కష్టం (అంచున చిన్న గాటు పడిందా, ఇక సర్రున చిరుగుతుంది, అది వేరే కథ). నీళ్ళ జిగురుతో అతికించేది ఒకటి, ఫిల్మ్ వెనకే జిగురు పూసి ఉండి వేడి రోలర్ మీద కరిగి అతుక్కునే థర్మల్ ఇంకోటి. పట్టుకుని లాగి నలిపే వస్తువులకి, అంటే పుస్తకం అట్టలు, ఫైళ్ళు, మెనూలు, క్యారీ బ్యాగులు, వీటికి ఇదే.

చేతిలో ఉన్న శాంపిల్ ఏదో తెలుసుకోవాలంటే ఒక మూల చింపండి. కాగితం చిరిగి పైన పలచని పొర సాగుతూ వేలాడితే లామినేషన్. కాగితంతో పాటే చిరిగిపోయి, మడిచిన చోట తెల్లటి గీత పడితే యూవీ. వేలు పెట్టి రుద్దితే పొడిగా, లైటుకి కొంచెం మాత్రమే మెరిస్తే వార్నిషో ఆక్వియసో.

ఏ పనికి ఏది

పెళ్ళి కార్డు. మా ప్రాంతం కార్డుల్లో సగం శివకాశి నుంచి వచ్చిన రెడీమేడ్ కార్డులు, హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్ వైపు వెళ్తే గుట్టలు గుట్టలుగా డిజైన్లు చూపిస్తారు. రెడీమేడ్ కొనేటప్పుడు షాపులోనే జేబులో పెన్ను తీసి పేరు రాసే చోట ఒక గీత గీయండి, పది సెకన్లాగి వేలితో రుద్దండి. షాపువాడు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీండి. కొత్తగా డిజైన్ చేయించుకుంటే పేరు రాసే పట్టీ, నాలుగు మూలల్లో అర్ధరూపాయి బిళ్ళంత జాగా కోటింగ్ లేకుండా వదలమనండి. యూవీ అయితే ఆ చోట్లు వదిలి పూయొచ్చు, లామినేషన్‌లో అలా కుదరదు, ఫిల్మ్ వేస్తే మొత్తం వేయాల్సిందే, అప్పుడు కవరుకి రాసుకోవడమే. ఇంకోటి, ఈమధ్య అందరూ ఫంక్షన్ హాలు లొకేషన్‌కి క్యూఆర్ కోడ్ వేయిస్తున్నారు కదా, అది గ్లాసీ ఉన్న వైపు వేయొద్దు, లైటు కింద ఫోను కెమెరాకి తెల్ల మచ్చ తప్ప ఏం కనపడదు, జనం కార్డుని అటు తిప్పి ఇటు తిప్పి చివరికి మీకే ఫోన్ చేస్తారు.

క్యాలెండర్. పైన దేవుడి బొమ్మ ఎంత గ్లాసీ అయితే అంత మంచిది, అగరొత్తి పొగ, నూనె చేయి, కుంకుమ, ఏడాదంతా అన్నీ దాని మీదే, తడిగుడ్డతో తుడిచేయొచ్చు. కింద తేదీల కాగితాల జోలికి మాత్రం వెళ్ళకండి. మా ఇంట్లో క్యాలెండర్ అంటే పాల లెక్క, ఫలానా రోజు రాలేదు, ఫలానా రోజు అర లీటరు ఎక్స్‌ట్రా, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనమ్మాయి నాగాలు, అన్నీ ఆ గడుల్లోనే. ఒక ఏడాది ఒక కస్టమర్ పట్టుబట్టి తేదీ షీట్లు కూడా మెరిసే కాగితం మీద వేయించి పంచాడు, ఆ క్యాలెండర్ ఒకటి మా అమ్మకి ఇచ్చా, నాలుగో రోజుకి దాన్ని బీరువా పక్కకి జరిపి కిరాణా కొట్టువాడిచ్చిన మామూలు కాగితం క్యాలెండర్ మేకుకి తగిలించింది. అడిగితే "దాని మీద పెన్ను పడట్లేదురా" అంది. పాపం ఆ కస్టమర్ ఖర్చుపెట్టిన డబ్బంతా బీరువా పక్కన ఉంది.

మిఠాయి డబ్బాలు. పూతరేకులు, కాజాలు, సున్నుండలు, నెయ్యి ఊరే సరుకు. పైన ఎంత గ్లాసీ వేసినా నెయ్యి లోపల్నుంచి ఊరుతుంది, లోపలి వైపు బోర్డుకి కోటింగ్ లేకపోతే రెండు రోజుల్లో బయటికి మరక తేలుతుంది, అప్పుడు పైన ఫిల్మ్ కింద నల్లగా మచ్చ కనిపించి ఇంకా అసహ్యంగా ఉంటుంది. కాబట్టి లోపల బటర్ పేపరో, తిండికి పనికొచ్చే లైనరో తప్పదు. ప్రింటు వైపు తిండికి నేరుగా తగలకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. యూవీ వేయిస్తే డబ్బా మూసి ఒక రాత్రి ఉంచి పొద్దున మూత తీసి ముక్కు పెట్టి చూడండి, ఘాటు వాసన వస్తే అది సరిగా ఆరలేదు, ఆ డబ్బాలో మిఠాయి పెట్టకండి.

పుస్తకం అట్ట. దీనికి గ్లాస్ లామినేషన్ నా ఓటు, ముఖ్యంగా స్కూలు పుస్తకాలు, వంటల పుస్తకాలు, పూజా విధానాలు. కథలు కవిత్వం వాళ్ళు మ్యాట్ అడుగుతారు, బావుంటుంది, కాకపోతే ముదురు రంగు మ్యాట్ అట్ట మీద గోరు గీత కూడా తెల్లగా పడి పోదు, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అరలోంచి పదిసార్లు తీసి పెట్టిన పుస్తకం ఎలా ఉంటుందో చూడండి. గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి కానీ తుడిస్తే పోతాయి. లోపలి పేజీలకి మాత్రం గ్లాసీ వద్దు, చదివేవాడి కళ్ళు పోతాయి.

విజిటింగ్ కార్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఇన్ని గ్రాముల బరువని లెక్క) మీద లామినేషన్ వేయించుకోండి, వెనక నంబరు రాసిచ్చే అలవాటుంటే ఒక వైపే వేయించుకోండి.

ఫైలు దగ్గరే మొదలవుతుంది

బొమ్మ మీదో పేరు మీదో మాత్రమే మెరుపు కావాలంటే స్పాట్ యూవీ. దానికి ఫైల్లో ఇంకో పేజీ, ఎక్కడ మెరవాలో అక్కడ నూరు శాతం నలుపు, మిగతాది తెలుపు, అసలు డిజైన్‌తో సైజు వెంట్రుకవాసి తేడా లేకుండా. గ్రేలు, షేడ్లు, నీడలు పెట్టకండి, అక్కడ యూవీ పడుతుందా పడదా రెండే, మధ్యస్థం లేదు.

తెలుగు అక్షరాలకి ఇక్కడొక తంటా ఉంది, ఇంగ్లీషు డిజైన్ చూసి నేర్చుకున్నవాళ్ళకి తెలీదు. స్పాట్ యూవీ చాలాచోట్ల స్క్రీన్ ప్రింటింగ్‌లో, అంటే సన్న జాలీలోంచి నొక్కి వేస్తారు, పొర మందంగా పడుతుంది, పడ్డాక అంచుల్లో కొంచెం పాకుతుంది. మన అక్షరాలన్నీ సున్నాలూ మెలికలూ, "లక్ష్మీ" తీసుకోండి, క్ష కింద మ ఒత్తు, పైన గుడి దీర్ఘం, ఆ సందులన్నీ యూవీతో నిండిపోయి ముద్దలా మెరుస్తుంది. పైగా షీటు అర మిల్లీమీటరు జరిగిందా, అక్షరం పక్కన ఇంకో అక్షరం నీడలా తేలుతుంది. అందుకని పెద్ద టైటిల్‌కే పెట్టండి, చిన్న అక్షరాలకి వద్దు, ఒత్తులు ఎక్కువున్న పేరైతే అక్షరాల చుట్టూ ఒక పట్టీలా మెరుపు ఇవ్వండి, జరిగినా తెలీదు. అనూ ఫాంట్లు (తెలుగు డీటీపీలో వాడేవి) వాడి ఉంటే ఆ యూవీ పేజీలో కూడా కర్వ్స్ చేయడం (అక్షరాల్ని బొమ్మ గీతలుగా మార్చడం) మర్చిపోకండి, ఒకసారి నేను మర్చిపోయా, వాళ్ళ సిస్టంలో ఫాంటు లేక ఏవో ఇంగ్లీషు గుర్తులు మెరిశాయి. 500 అట్టలు. ఎవర్నీ తిట్టడానికి లేదు, నా తప్పే.

జిగురు పడే చోటు కూడా ఫైల్లోనే వదలాలి. డబ్బా అతికించే చెవి మీద, కవరు అంటించే పట్టీ మీద యూవీ పడితే మామూలు జిగురు పట్టదు, ఆరినట్టే ఉంటుంది, సరుకు నింపగానే టప్పుమని విడిపోతుంది. పుస్తకం అట్టకి లోపలి వైపు కోటింగ్ వద్దనేది కూడా ఇందుకే, పర్‌ఫెక్ట్ బైండింగ్ (పేజీల వెన్నుకి జిగురు పూసి అట్ట అంటించడం) జిగురు పట్టుకోవాల్సింది ఆ వైపే.

ప్రెస్సులో అడగాల్సినవి

"ప్రింటు ఎప్పుడయింది?" ఇది మొదటి ప్రశ్న. ఆఫ్‌సెట్ ఇంకు గాలి తగిలి నెమ్మదిగా గట్టిపడుతుంది, కనీసం ఒక రోజు ఆగాలి, ముదురు సాలిడ్ రంగులుంటే, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. పొద్దున ప్రింటయి సాయంత్రం లామినేషన్‌కి వెళ్ళిన పని చూడగానే తెలిసిపోతుంది, నల్ల భాగాల్లో వెండి పొడి చల్లినట్టు సన్న చుక్కలు, ఫిల్మ్ కింద చిన్న చిన్న బుడగలు. షీట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ప్రెస్సులో పౌడర్ చల్లుతారు, అది ఎక్కువైనా ఇదే చుక్కల గోల, లామినేషన్ ముందు షీట్లని దులిపించుకోండి. యూవీ అయితే తడి ఇంకు మీద వేస్తే ఆ రోజు బాగా మెరిసి రెండు రోజులకి మెరుపు లోపలికి లాగేసినట్టు చప్పబడుతుంది.

పెళ్ళిళ్ళ సీజన్లో "రేపటికి ఇచ్చేయండి మాస్టారూ" అంటే లామినేషన్ కుర్రాడు ఇచ్చేస్తాడు, వాడిదేం పోయింది, మీరే ఒక రోజు ముందు ఫైలివ్వండి.

కొన్ని ఇంకులతో జాగ్రత్త. రిఫ్లెక్స్ బ్లూ, ఊదా, రోడమిన్ గులాబీ లాంటివి యూవీ కింద రంగు మారొచ్చు, కంపెనీ లోగో ఆ నీలం అయితే ముందు రెండు షీట్లు వేయించి ఒక రోజు ఆగి చూడండి. బంగారు, వెండి మెటాలిక్ ఇంకుల మీద ఫిల్మ్ గట్టిగా పట్టదు. కలర్ లేజర్ ప్రింటు తీసి లామినేషన్ వేయించే చిన్న పనుల్లో కూడా తంటా ఉంది, కొన్ని మెషీన్ల టోనర్ మీద నూనె పొర మిగులుతుంది, మామూలు థర్మల్ ఫిల్మ్ దాని మీద లేచిపోతుంది, డిజిటల్ ప్రింట్లకని జిగురు ఎక్కువున్న ఫిల్మ్ వేరే ఉంటుంది, అది ఉందా అని అడగండి.

మడత ఉంటే రెండు మాటలు. ముందు లామినేషన్, తర్వాత క్రీజింగ్ (మడత పడే చోట గాడి నొక్కడం), ఆ తర్వాతే మడత. క్రీజ్ లేకుండా మడిస్తే మందపాటి కాగితం ఎలాగూ పగులుతుంది, యూవీ అయితే ఆ పగులు తెల్ల గీతలా దూరం నుంచే కనపడుతుంది, మడత మీద ముదురు రంగు లేకుండా డిజైన్ చేస్తే సగం బాధ తప్పుతుంది. కాగితానికి చెక్కలాగే పీచు దిక్కు ఉంటుంది, మడత ఆ పీచు వెంట ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. దిక్కు తెలియకపోతే చిన్న ముక్క చింపి ఒక వైపు తడపండి, గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడుగు ఎటుంటే పీచు అటు.

అట్టలు లేచిపోవడం అందరికీ వచ్చే ఫిర్యాదు. పుస్తకం టేబుల్ మీద పెడితే అట్ట దానంతటదే పైకి లేస్తుంది, వానాకాలంలో మరీ. ఫిల్మ్ ఒక వైపే ఉంది, అది తేమ పీల్చదు, లోపలి వైపు కాగితం పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బిన వైపు పెరిగి ఫిల్మ్ వైపుకి వంగుతుంది. ఎండాకాలం ఇది తిరగబడుతుంది కూడా. పూర్తిగా ఆపలేం, తగ్గించొచ్చు: అట్టకి 250 జీఎస్‌ఎంకి తగ్గకండి, పీచు పుస్తకం వెన్ను వెంట ఉండాలి, ఫిల్మ్‌ని మరీ బిగలాగి వేయొద్దని చెప్పాలి, బైండింగ్ అయ్యాక కట్టలు బరువు కింద పెట్టి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచాలి. పలచటి కాగితం, అంటే 130 జీఎస్‌ఎం లోపు, దానికి ఒక వైపు యూవీ గానీ లామినేషన్ గానీ వేయిస్తే తమలపాకు ఎండినట్టు చుట్టుకుపోతుంది, వద్దు.

రేటు ఎలా లెక్క కడతారు

లామినేషన్‌కీ యూవీకీ చాలాచోట్ల 100 చదరపు అంగుళాలకి ఇన్ని పైసలు అని లెక్క. అట్టకి ఇంత అని కాదు, షీటుకి. లెక్క కోసం 50 పైసలు అనుకుందాం, నిజం రేటు మీ ఊళ్ళో అడగండి. 1/8 డెమీ పుస్తకం (మామూలు నవల సైజు), ముందూ వెనకా వెన్నూ కలిపి బ్లీడ్‌తో (కటింగ్‌లో పోయే అంచు) సహా సుమారు 12 × 9 అంగుళాలు, 19 × 25 షీటులో నాలుగు కూర్చుంటాయి. షీటు 475 చదరపు అంగుళాలు, అంటే 2 రూపాయల 37 పైసలు, అట్టకి 60 పైసలు లోపే. వెయ్యి పుస్తకాలకి 250 షీట్లు, దాదాపు 600 రూపాయలు, దాని మీద వేస్టేజీకి కొన్ని షీట్లు ఎక్కువ ఇవ్వాలి. అదే 200 పుస్తకాలైతే లెక్కకి 120 రూపాయలే వస్తుంది, కానీ ఎవరూ ఆ డబ్బుకి మెషీన్ ఆన్ చేయరు, మినిమం చార్జీ తీసుకుంటారు, ముందే అడిగితే గొడవుండదు.

సరుకు చేతికొచ్చాక కట్ట మధ్యలోంచి నాలుగు షీట్లు లాగండి, పైవి ఎప్పుడూ బానే ఉంటాయి. లైటు కింద వాలుగా పట్టుకుని చూడండి, బుడగలు, గీతలు, పూత పడని చోట్లు అప్పుడే కనపడతాయి. లామినేషన్ అయితే ముదురు రంగు ఉన్న చోట బ్లేడుతో గుణకారం గుర్తులా చిన్న గాటు పెట్టి సెల్లో టేపు అంటించి సర్రున లాగండి, ఫిల్మ్ లేచొస్తే తిప్పి పంపండి. యూవీ అయితే రెండు షీట్లు ఎదురెదురుగా పెట్టి బొటనవేలితో నొక్కి తిప్పండి, అతుక్కుంటే ఇంకా ఆరలేదు, మే నెలలో గోడౌన్‌లో ఆ కట్ట అట్టముక్కలా గడ్డకడుతుంది.

ఇంటి దగ్గర పౌచ్ లామినేషన్

జిరాక్స్ షాపుల్లో వేసేది వేరే సంగతి, రెండు మందపాటి ఫిల్ముల మధ్య కాగితం పెట్టి వేడి మెషీన్లోంచి తీస్తారు, 100 నుంచి 130 డిగ్రీల మధ్య వేడి. చుట్టూ 3 మిల్లీమీటర్లయినా ఫిల్మ్ అంచు వదలమనండి, నీటుగా ఉంటుందని కాగితం అంచుకి కత్తిరిస్తే సీలు పోయినట్టే, మెనూ కార్డుల గురించి పైన చెప్పా కదా. 125 మైక్రాన్లు అంటే ఒక వైపుకా రెండు వైపులా కలిపా అని కూడా అడగండి.

ఏవి పెట్టకూడదో అదే ముఖ్యం. ఏటీఎం స్లిప్పు, సూపర్ మార్కెట్ బిల్లు, వారంటీ కోసం దాచుకున్న ఫ్రిజ్ బిల్లు, ఇవి ఎక్కువగా థర్మల్ పేపరు, వేడి తగిలితే నల్లబడే కాగితం. లామినేషన్ మెషీన్లోకి వెళ్ళేది బిల్లు, వచ్చేది నల్ల పట్టీ. వీటిని ముందు జిరాక్స్ తీయించి ఆ జిరాక్స్‌కి వేయించండి.

ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు. పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, ప్రేమగా లామినేషన్ చేయించి ఫైల్లో పెట్టేవాళ్ళు మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉన్నారు. రేపు పిల్లాడు గల్ఫుకో ఇంకో దేశానికో వెళ్ళాలంటే సర్టిఫికెట్ వెనక అటెస్టేషన్ స్టాంపులు పడాలి, ప్లాస్టిక్ మీద స్టాంపు పడదు. తీయించేద్దామంటే ఆ జిగురు కరిగి కాగితం పీచుల్లోకి ఇంకిపోయి ఉంటుంది, పొర లాగితే సంతకంతో సహా వస్తుంది. మా దగ్గరికి ఒక అబ్బాయి ఇలాగే బీటెక్ పట్టా తెచ్చి "అన్నా, కొంచెం వేడి చేస్తే వచ్చేస్తుందంట కదా" అన్నాడు, నేను ముట్టుకోనని చెప్పా, యూనివర్సిటీకి వెళ్ళి డూప్లికేట్‌కి అప్లై చేసుకోమన్నా. ఒరిజినల్స్‌కి స్టేషనరీ షాపులో దొరికే పారదర్శక ప్లాస్టిక్ జాకెట్ చాలు, ఒక్కో సర్టిఫికెట్ ఒక్కో జాకెట్లో పెట్టి, తేమ తగలని అరలో పడుకోబెట్టండి, నిలబెట్టొద్దు, వంగిపోతాయి.